బందరులో ఒకే రోజుకు రెండు తేదీలు

17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవుకు ఒక ఓడ వచ్చి లంగరు వేసిందనుకుందాం. డచ్చివారి వర్తక స్థావరంలోని గుమాస్తా ఆ రాకను జూన్ 20 కింద రాసుకుంటాడు. అదే ఊళ్లో ఉన్న ఇంగ్లీషు స్థావరం గుమాస్తా జూన్ 10 అని రాస్తాడు. గోల్కొండ సుల్తాను తరఫున సుంకం వసూలు చేసే అధికారి హిజ్రీ నెల, తేదీ వేస్తాడు. కలంకారీ బట్టలు ఎగుమతికి ఇచ్చే స్థానిక వర్తకుడి లెక్కల పుస్తకంలో సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. నలుగురూ చూసింది ఒకే ఓడను, ఒకే సూర్యోదయాన్ని. ఒక్కరూ తప్పు రాయలేదు.

మరి ఆ ఓడ వచ్చిన రోజును నేటి పత్రికలో "చరిత్రలో ఈ రోజు" శీర్షిక కింద వేయాలంటే ఏ తేదీన వేయాలి? రోజూ పొద్దున్నే ఫోన్లలో తిరిగే జయంతులు, వర్ధంతులు, సంఘటనల జాబితాలు ఈ ప్రశ్నను అసలు అడగవు. తేదీ అనేది సంఘటనతోపాటే పుట్టిందన్నట్టు, దాన్ని ఎవరూ మార్చలేరన్నట్టు రాసేస్తాయి. నిజానికి జరిగినదాన్ని తేదీగా మార్చేది క్యాలెండరు. ఆ క్యాలెండరును నడిపేది రాజో, మతపీఠమో, ప్రభుత్వమో. అందుకే ఆ జాబితాల్లో చాలా పంక్తుల వెనుక చిన్నదో పెద్దదో ఒక తగవు దాగి ఉంటుంది.

డచ్చివారికీ ఇంగ్లీషువారికీ మధ్య ఆ పది రోజుల తేడా ఎక్కడిదో ముందు చూద్దాం. క్రీ.పూ. 45లో జూలియస్ సీజర్ అమలులోకి తెచ్చిన క్యాలెండరులో సంవత్సరం నిడివి సరిగ్గా 365 రోజుల 6 గంటలు. నాలుగేళ్లకోసారి ఒక రోజు కలిపితే లెక్క సరిపోతుంది. కానీ రుతువుల చక్రం ఒకసారి తిరగడానికి పట్టే కాలం అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. ఏడాదికి 11 నిమిషాలంటే ఎవరికీ పట్టదు. 128 ఏళ్లకు అదే ఒక పూర్తి రోజవుతుంది. క్రీ.శ. 325 నాటి నైసియా మహాసభ కాలంలో మార్చి 21 దగ్గర ఉన్న వసంత విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే రోజు), 16వ శతాబ్దం వచ్చేసరికి మార్చి 11కు జారిపోయింది. ఈస్టర్ పండుగను లెక్కగట్టేది ఆ విషువత్తును బట్టే కనుక చర్చికి ఇది చిన్న విషయం కాదు.

1582లో పోప్ పదమూడవ గ్రెగరీ రెండు పనులు చేశాడు. పేరుకుపోయిన పది రోజులను ఒక్కసారిగా తీసేశాడు. ఇకముందు పేరుకోకుండా 100తో భాగించబడే సంవత్సరాలు 400తో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరాలని నియమం పెట్టాడు. అందుకే 1600, 2000 లీపు సంవత్సరాలు. 1700, 1800, 1900 కావు. ఆ ఏడాది అక్టోబరు 4 గురువారం తర్వాత వచ్చిన రోజు అక్టోబరు 15 శుక్రవారం. మధ్యలోని పది తేదీలూ స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, ఇటలీలోని చాలా భాగాల్లో అసలు లేనే లేవు. స్పెయిన్‌లో సెయింట్ తెరీసా ఆఫ్ ఆవిలా సరిగ్గా ఆ అక్టోబరు 4 రాత్రి కన్నుమూసింది. మర్నాడు, అంటే అక్టోబరు 15న, ఖననం చేశారు. కాథలిక్కులు నేటికీ ఆమె స్మారక దినాన్ని అక్టోబరు 15నే జరుపుతారు. ఆ పది రోజుల ఖాళీలో ఎవరూ పుట్టలేదు, ఎవరూ చావలేదు. ఆ దేశాల చరిత్రలో 1582 అక్టోబరు 10న ఏదో జరిగిందని ఎక్కడైనా కనిపిస్తే, రాసినవారు కాస్త తొందరపడ్డారనుకోవచ్చు.

పోప్ చెప్పాడు కనుక కాథలిక్ దేశాలు మారాయి. పోప్ చెప్పాడు కనుకే ప్రొటెస్టెంట్ దేశాలు మొండికేశాయి. నెదర్లాండ్స్‌లో హాలండ్, జీలండ్ రాష్ట్రాలు ప్రొటెస్టెంట్లవే అయినా 1583 నాటికే కొత్త లెక్కలోకి వెళ్లాయి. అందుకే బందరు డచ్చివారి కాగితాలు కొత్త తేదీల్లో నడిచాయి. ఇంగ్లండ్ మాత్రం 1752 వరకు పాత జూలియన్ లెక్కనే పట్టుకు కూర్చుంది. అప్పటికి తేడా పదకొండు రోజులైంది. ఆ ఏడాది సెప్టెంబరు 2 బుధవారం రాత్రి పడుకున్న ఇంగ్లీషువాడు సెప్టెంబరు 14 గురువారం ఉదయం లేచాడు.

ఇంగ్లీషువారితో మరో చిక్కు కూడా ఉంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరాది జనవరి 1 కాదు, మార్చి 25. అంటే డిసెంబరు 31, 1639 తర్వాత వచ్చే జనవరి 1 కూడా 1639లోనిదే. గందరగోళం తప్పించడానికి ఆనాటి గుమాస్తాలు జనవరి నుంచి మార్చి వరకు "1639/40" అని జంట సంవత్సరాలు వేసేవారు. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల నరికిన రోజు మనకు 1649 జనవరి 30. ఆనాటి కాగితాల్లో 1648. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ పుట్టినప్పుడు ఇంటివాళ్లు రాసుకున్న తేదీ ఫిబ్రవరి 11, 1731. ఇప్పుడు అందరూ చెప్పేది ఫిబ్రవరి 22, 1732. మనిషి కదలలేదు, తేదీ కదిలింది, సంవత్సరం కూడా కదిలింది.

ఈ తేడా తెలియకపోతే ఎంత అందమైన కథలు పుడతాయో చూడండి. గెలీలియో మరణించిన ఏడాదే న్యూటన్ పుట్టాడని, సైన్సు ఒక చేతి నుంచి మరో చేతికి అందిందని చదువుకున్నాం. గెలీలియో ఇటలీలో 1642 జనవరి 8న మరణించాడు, అది కొత్త లెక్క. న్యూటన్ ఇంగ్లండ్‌లో 1642 డిసెంబరు 25న పుట్టాడు, అది పాత లెక్క. రెండింటినీ కొత్త లెక్కలో పెడితే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. రెండింటినీ పాత లెక్కలో పెడితే గెలీలియో పోయింది 1641 డిసెంబరు 29న. ఏ ఒక్క క్యాలెండరులోనూ ఇద్దరూ ఒకే ఏడాదిలో కలవరు. క్రిస్మస్ రోజున పుట్టిన మేధావి అన్న ముచ్చట కూడా ఇంగ్లండ్ సరిహద్దు లోపలే చెల్లుతుంది.

ఏప్రిల్ 23ను యునెస్కో ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించింది 1995లో. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ 1616లో ఒకే రోజున మరణించారన్న మాట ఏటా ఆ సందర్భంగా వినిపిస్తుంది. షేక్‌స్పియర్ ఏప్రిల్ 23 ఇంగ్లండ్ తేదీ; స్పెయిన్ లెక్కలో అది మే 3. సెర్వాంటెస్ అయితే ఏప్రిల్ 22నే పోయాడు, 23 ఖననం తేదీ. ఇద్దరి మధ్యా పది రోజులకు పైనే ఎడం. పుస్తకాలు చదువుకోవడానికి ఒక రోజు కావాలి కనుక ఈ పొరపాటును క్షమించేయవచ్చునని నా అభిప్రాయం.

మన తీరానికే వద్దాం. నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషువారికి ఒక స్థావరం ఉండేది. వాళ్ల రికార్డుల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే, మచిలీపట్నంలో ఉన్న ఆండ్రూ కోగన్ కలిసి దక్షిణాన కొత్త చోటు వెతికారు. విజయనగర రాజు కింద ఆ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటప్ప నాయకుడు వాళ్లకు సముద్రపు ఒడ్డున ఒక ఇసుక నేల ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఆ దానపత్రం తేదీగా ఇప్పుడు చెన్నై నగరం జరుపుకొనేది 1639 ఆగస్టు 22. కానీ పాత రికార్డుల్లో కనిపించేది జూలై 22. ఫ్రాన్సిస్ డే అక్కడికి చేరిందే జూలై 27న కనుక, జూలై పొరపాటై ఉంటుందని, ఆగస్టే సరైనదని చరిత్రకారులు సరిదిద్దారు. ఇంతవరకు వాదన జరిగింది. అయితే ఆగస్టు 22 కూడా ఇంగ్లీషువారి పాత లెక్క తేదీయే. నేటి లెక్కకు మార్చితే సెప్టెంబరు 1. నెల గురించి అంత పట్టుదలగా వాదించుకున్నవారు ఈ పది రోజులను హాయిగా వదిలేశారు.

పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ చిక్కు బాగా తెలుసు, కారణమే తెలియదు. ఒక పుస్తకంలో ఔరంగజేబు మరణం 1707 ఫిబ్రవరి 20 అని, మరో పుస్తకంలో మార్చి 3 అని ఉంటుంది. రెండూ ఒకే రోజు. మొదటిది పాత లెక్క, రెండోది కొత్త లెక్క, మధ్య తేడా 11 రోజులు. 17వ శతాబ్దపు భారత చరిత్రను ఇంగ్లీషు కంపెనీ రికార్డులతో సరిచూసుకుంటూ రాసిన తొలి తరం చరిత్రకారులు చాలాచోట్ల జూలియన్ తేదీలే వాడారు. తర్వాతివారు కొందరు మార్చారు, కొందరు మార్చలేదు. అదే 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధానికి ఈ గొడవ లేదు. అప్పటికి ఐదేళ్ల ముందే ఇంగ్లీషువారూ ఫ్రెంచివారితో ఒకే క్యాలెండరులోకి వచ్చేశారు.

శివాజీ జయంతి సంగతి ఇంకా చిత్రం. మహారాష్ట్ర ప్రభుత్వం ఫిబ్రవరి 19న జరుపుతుంది. శక సంవత్సరం 1551, ఫాల్గుణ బహుళ తదియ, శుక్రవారం అన్నది దానికి ఆధారమైన సంప్రదాయ తేదీ. దాన్ని 1630 ఫిబ్రవరి 19గా మార్చింది జూలియన్ లెక్కలో. గ్రెగోరియన్‌లో అదే శుక్రవారం మార్చి 1 అవుతుంది. తిథి ప్రకారం జరిపేవారు ఏటా ఫాల్గుణ బహుళ తదియ నాడు జరుపుతారు. తిథి పక్షం వారికీ ఫిబ్రవరి పక్షం వారికీ వాదాలు ఉన్నాయి. మార్చి 1 తరఫున మాట్లాడేవారు మాత్రం కనిపించరు.

ఇక్కడ శుక్రవారం అన్న ఒక్క ముక్క చేసే పని గమనించాలి. 1582లో తేదీలు ఎగిరిపోయినా గురువారం తర్వాత శుక్రవారమే వచ్చింది. 1752లో బుధవారం తర్వాత గురువారమే వచ్చింది. క్యాలెండర్లు ఎన్ని మారినా ఏడు రోజుల వారం తెగలేదు. శాసనాల కాలాన్ని తేల్చేవారికి ఇదే ఊతకర్ర. తెలుగు శాసనాల్లో సాధారణంగా శక సంవత్సరం, ప్రభవాది సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని బడిలో నేర్పుతారు, కానీ అది మొదలు మాత్రమే. శాసనం చెక్కినవాడు గడిచిన సంవత్సరాన్ని చెప్పాడా, నడుస్తున్న సంవత్సరాన్నా? దాన్ని బట్టి ఒక ఏడాది తేడా. సంవత్సరం పేరు ఉందంటారా, అది 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. కొన్నిచోట్ల అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడు అంటే 1, కన్నులు 2, వేదాలు 4, బాణాలు 5, వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇన్ని అనుమానాల మధ్య ఆ తిథి ఏ ఏడాది ఆ వారంతో కలుస్తుందో లెక్కవేసి చూస్తే జవాబు చాలాసార్లు ఒక్కటే మిగులుతుంది. వారం ఎంతకీ కలవకపోతే శాసనం తర్వాతెప్పుడో కల్పించిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయెల్, మరాఠీ జ్యోతిశ్శాస్త్రవేత్త శంకర బాలకృష్ణ దీక్షిత్, ఆ తర్వాత మద్రాసుకే చెందిన ఎల్.డి. స్వామికన్ను పిళ్లై ఇలాంటి లెక్కల కోసం పెద్ద పెద్ద పట్టికలు తయారుచేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో చేతితో వేసిన లెక్కలవి.

తిథి ఎందుకు అంత తేలికగా లొంగదంటే, అది గడియారం గంటలతో కొలిచే రోజు కాదు. చంద్రుడు సూర్యుడి కంటే 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కనుక తిథి ఒకసారి 20 గంటల్లో ముగుస్తుంది, మరోసారి 26 గంటలు సాగుతుంది. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అన్నది సాధారణ నియమం. రెండు సూర్యోదయాల మధ్యే మొదలై ముగిసిపోయిన తిథికి లెక్కలో చోటు దక్కదు. రెండు సూర్యోదయాలను తాకిన తిథి రెండు రోజులు ఉంటుంది. ఊరు మారితే సూర్యోదయం మారుతుంది, దానితో తిథి కూడా మారవచ్చు. అమెరికాలోని తెలుగువారు హైదరాబాదు పంచాంగం చూసి పండుగ చేసుకుంటే ఒక్కోసారి ఒక రోజు తేడా వచ్చేది ఇందుకే.

స్మరణకు తిథే ముఖ్యమని నమ్మే సంప్రదాయం మనది. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సమాధి పొందారని పుస్తకాలు చెబుతాయి. కానీ తిరువయ్యారులో పంచరత్న కీర్తనలు పాడేవారు జనవరి 6న చేరరు. పుష్య బహుళ పంచమి నాడు చేరతారు. అది 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న. పత్రికల జాబితాలో ఆయన వర్ధంతి ఒక రోజున, కావేరి ఒడ్డున ఆరాధన మరో రోజున. 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా 19 సౌర సంవత్సరాలకు సమానం కనుక, 19 ఏళ్లకోసారి తిథి, తేదీ మళ్లీ దగ్గరకు వస్తాయి. మీ 19వ, 38వ, 57వ పుట్టినరోజులకు పంచాంగం తీసి చూడండి. తిథి కూడా అక్కడే ఉంటుంది, లేదా ఒక రోజు అటూ ఇటుగా. త్యాగరాజస్వామి పోయినది పరాభవ నామ సంవత్సరంలో. మూడు ఆవృత్తాలు, 180 ఏళ్లు గడిచాక 2026 ఉగాదితో అదే పేరు తిరిగి వచ్చింది.

సంక్రాంతి మాత్రం స్థిరంగా జనవరి 14నే వస్తుందని, మన పండుగల్లో అదొక్కటే తేదీకి కట్టుబడిందని అనుకుంటాం. స్వామి వివేకానంద పుట్టింది మకర సంక్రాంతి నాడు. ఆయన జన్మదినం, దేశం యువజన దినంగా జరిపే రోజు, జనవరి 12. రెండూ నిజమే. 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. మన సౌరమానం నక్షత్రాలను బట్టి నడుస్తుంది, ఇంగ్లీషు క్యాలెండరు రుతువులను బట్టి నడుస్తుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగుతుండటం వల్ల ఈ రెండింటికీ సుమారు 70 ఏళ్లకు ఒక రోజు ఎడం వస్తుంది. ఇప్పుడు 14 నుంచి 15 వైపు జరుగుతున్నది కూడా అందుకే. ఇక రామకృష్ణ మఠాల్లో వివేకానంద జయంతి జనవరి 12నా కాదు, సంక్రాంతి నాడూ కాదు. పుష్య బహుళ సప్తమి నాడు. ఒకే మనిషి, మూడు పుట్టినరోజులు.

1952లో శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన కేంద్రం ఒక క్యాలెండరు సంస్కరణ సంఘాన్ని వేసింది. దేశంలో సుమారు 30 క్యాలెండర్లు వాడుకలో ఉన్నాయని ఆ సంఘం తేల్చింది. అన్నిటికీ కలిపి 1957 మార్చి 22 నుంచి జాతీయ శక క్యాలెండరు వచ్చింది, 1879 చైత్రం 1తో. గెజెట్ మీద ఆ తేదీ కనిపిస్తుంది. దాన్ని చూసి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవారు నాకు తెలిసి లేరు. ఫసలీ మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. చాంద్రమానమైన హిజ్రీ సంవత్సరం పంటలతో కలిసి నడవదు కనుక, శిస్తు వసూలు కోసం మొగలుల కాలంలో పుట్టిన లెక్క అది. జూలై 1, 2023 నుంచి మొదలైన ఏడాది మన రెవెన్యూ కాగితాల్లో 1433 ఫసలీ. భూమి తగవులో పాత పహాణీ తీసినవారు 590 కలుపుకోవడం నేర్చుకోవలసిందే.

క్యాలెండరు తేలిపోయినా రోజు ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న ఉంది. ఇంగ్లీషు లెక్కకు అర్ధరాత్రి, మనకు సూర్యోదయం, హిజ్రీకి సూర్యాస్తమయం. 1947 ఆగస్టు 14, 15 మధ్య రాత్రిని ఈ మూడు లెక్కల్లో చూడండి. ఢిల్లీలో అర్ధరాత్రి దాటగానే 15వ తేదీ. పంచాంగం ప్రకారం ఇంకా 14వ తేదీ ఉదయాన మొదలైన వారమే నడుస్తోంది. హిజ్రీలో ఆ సాయంత్రమే రంజాన్ 27 మొదలైపోయింది. పాకిస్తాన్ తొలి తపాలా బిళ్లల మీద స్వాతంత్ర్య దినం 15 ఆగస్టు అనే ఉంది; జిన్నా రేడియో ప్రసంగంలో చెప్పిందీ అదే తేదీ. 1948 నుంచి ఆ దేశం 14కు మారింది. రెండు దేశాలు ఒకే చట్టంతో ఒకే క్షణాన పుట్టినా, వరుసగా రెండు రోజుల్లో పండుగ చేసుకుంటున్నాయి.

దూరం కూడా ఇదే పని చేస్తుంది. పెర్ల్ హార్బర్ మీద దాడి అమెరికన్లకు 1941 డిసెంబరు 7, దాడి చేసిన జపానుకు డిసెంబరు 8. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టింది అమెరికా గడియారాల్లో 1969 జూలై 20 రాత్రి. మన దేశంలో అప్పుడు జూలై 21 ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. తెలుగు పత్రికలు జూలై 20 అని రాయడం అలవాటైపోయింది. అంతర్జాతీయ దినరేఖకు అటూ ఇటూ మారినవారి కథలు ఇంకా విడ్డూరం. 1867లో రష్యా నుంచి అలాస్కాను అమెరికా కొన్నప్పుడు క్యాలెండరు, దినరేఖ రెండూ ఒకేసారి మారాయి. అక్కడ శుక్రవారం తర్వాత మళ్లీ శుక్రవారం వచ్చింది. ఫిలిప్పీన్స్‌కు 1844 డిసెంబరు 31 లేదు. సమోవాకు 2011 డిసెంబరు 30 లేదు. తెగని వారం అన్నాను కదా, దానికి మినహాయింపులు ఇవే. లేని రోజుకు ఎదురుగా, అదనపు రోజు స్వీడన్‌ది. 1700 నుంచి లీపు రోజులను ఒక్కొక్కటిగా మానేస్తూ నెమ్మదిగా కొత్త లెక్కలోకి జారుకుందామనుకున్నారు. ఒకటి మానేశారు, 1704లోనూ 1708లోనూ మానేయడం మరిచారు, చివరికి విసిగిపోయి పాత లెక్కకే తిరిగి వచ్చారు. ఆ తిరుగు ప్రయాణానికి 1712లో ఫిబ్రవరి 30 పుట్టింది.

ఇవన్నీ దాటినా అసలు కొరకరాని కొయ్య మరొకటి ఉంది: సంఘటనలో ఏ క్షణాన్ని సంఘటన అనాలి? హైదరాబాదు సంస్థానం మీద సైనిక చర్య 1948 సెప్టెంబరు 13న మొదలైంది. నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 17 సాయంత్రం. సైన్యం నగరంలోకి వచ్చి, నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు జనరల్ చౌధురికి లాంఛనంగా లొంగిపోయింది 18న. భారత రాజ్యాంగం అక్కడ అమలులోకి వచ్చింది 1950 జనవరి 26న. వీటిలో 17నే అందరూ పట్టుకున్నారు. ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్నది నేటికీ రాజకీయ చర్చే, కానీ ఆ తేదీయే ఎందుకన్నది దాదాపు ఎవరూ అడగరు. అమెరికన్ల జూలై 4 కూడా ఇలాంటిదే. స్వాతంత్ర్యానికి ఓటు వేసింది 1776 జూలై 2న. తర్వాతి తరాలు ఆ రోజునే పండుగ చేస్తాయని జాన్ ఆడమ్స్ భార్యకు ఉత్తరం రాశాడు. ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న. ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. ఈ బాధ తప్పించడానికే ఇప్పటి చట్టాలు "నియమిత దినం" అని ముందే రాసేస్తాయి. తెలంగాణ బిల్లు లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభలో 20న నెగ్గింది, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందింది; అయినా రాష్ట్రం పుట్టింది జూన్ 2నే, ఎవరికీ సందేహం లేదు.

జూలై 4 పేరు ఎత్తాం కనుక: అమెరికా మాజీ అధ్యక్షులు ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ 1826లో ఆ తేదీనే మరణించారు, ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున. ఐదేళ్ల తర్వాత మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా అదే తేదీన. వివేకానంద నిర్యాణం 1902 జూలై 4. అల్లూరి సీతారామరాజు పుట్టింది 1897 జూలై 4. పింగళి వెంకయ్య పోయింది 1963 జూలై 4. వినగానే ఒళ్లు జలదరిస్తుంది కానీ ఇందులో దైవలీల వెతకనక్కర్లేదు. తేదీలు 366 మాత్రమే, గుర్తుపెట్టుకోదగ్గ మనుషులు వేలమంది. 23 మంది ఉన్న గదిలోనే ఇద్దరి పుట్టినరోజులు కలిసే అవకాశం సగానికి మించుతుంది. కలవని తేదీల గురించి ఎవరూ రాయరు. మన దేశంలోనైతే కొన్ని తేదీలు బడి రిజిస్టరులోనే కలిశాయి. పుట్టిన రోజు రాసిపెట్టని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు చేర్పించే పంతులుగారే జూన్ 1 అనో జూలై 1 అనో వేసేసేవారు. ఒక తరం ఉద్యోగుల్లో ఆ రెండు తేదీల పుట్టినరోజులు అన్నన్ని ఉండటానికి నక్షత్రాలు బాధ్యత వహించవు.

ఫిబ్రవరి 29న పుట్టినవారిలో మనకు బాగా తెలిసినవారు మొరార్జీ దేశాయి, 1896లో. 1900 లీపు సంవత్సరం కాలేదు కనుక ఆయన మొదటి అసలు పుట్టినరోజు ఎనిమిదో ఏట వచ్చింది. 99 ఏళ్లు బతికి 23 పుట్టినరోజులు చూశారు. గ్రెగరీ నియమానికే మరో విడ్డూరం అంటుకుని ఉంది. 400 ఏళ్లకు రోజులు 1,46,097. అవి సరిగ్గా 20,871 వారాలు. అంటే 400 ఏళ్లకు క్యాలెండరు మొత్తం వారాలతో సహా తిరిగి మొదటికి వస్తుంది. ఆ చక్రంలో ఉన్న 4,800 పదమూడో తేదీల్లో 688 శుక్రవారం నాడు పడతాయి, మరే వారానికీ అన్ని రావు. పాశ్చాత్యులు భయపడే శుక్రవారం పదమూడు కాస్త ఎక్కువసార్లే వస్తుందన్నమాట, ఒకటి, మూడు, నాలుగు చొప్పున.

రష్యా 1918లో జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14కు దూకింది. అందువల్ల 1917 అక్టోబరు 25న జరిగిన అక్టోబరు విప్లవానికి నవంబరు 7న జెండాలు ఎగురుతాయి, మన ఊళ్లలో కూడా. రష్యన్ చర్చి మాత్రం పాత లెక్క వదలలేదు. దాని డిసెంబరు 25 మనకు జనవరి 7. 2100 లీపు సంవత్సరం కాదు కనుక 13 రోజుల తేడా 14 అవుతుంది. పాత లెక్కే పాటిస్తే 2101 నుంచి రష్యన్ క్రిస్మస్ జనవరి 8న వస్తుంది. విప్లవ దినం మాత్రం 1917 నాటి తేడాతో స్థిరపడిపోయింది కనుక నవంబరు 7నే ఉంటుంది. ఆ 2100 దాటాక మన సంక్రాంతి కూడా ఒక రోజు ముందుకు జరిగి, కొన్నేళ్లు జనవరి 15న, కొన్నేళ్లు 16న వస్తుంది.